మొండి పెద్దాయన విల్లు

మావయ్యకి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, ఒక్క విల్లు తప్ప.

ఒక మొండి పెద్దాయన కోసం విల్లు చేస్తున్నాను. తేలిగ్గా లాగగలిగేది, కొనలు ఎదుటివైపుకి తిరిగిన రకం. చెక్క ఏదనుకున్నావు? పెళ్లయి ఇక్కడికి వచ్చేటప్పుడు మేనమామ కానుకంటూ నువ్వు నా చేతిలో పెట్టి, "తొందరపడి పాడుచేశావో, చూడు" అన్నావే, అదే. అంతా బాగానే కుదిరింది. అచ్చుకి బిగించి హీట్ గన్‌తో వేడి పట్టేసరికి ఒక రెక్క కొన పక్కకి ఒరిగింది. కొన నుంచి కొనకి దారం లాగితే పిడి మధ్యలోంచి పోవాలి కదా, అంచు మీంచి పోతోంది. ఇలాగే నారి కడితే విల్లు మెలితిరిగి లాగినాయన మొహాన్నే కొడుతుంది. ఒరిగిన తీరు బొమ్మ గీసి పెట్టాను. ఏం చేయమంటావు? ఇలాంటి చెక్క నాకు రెండోది లేదు.

ఇట్లు,
నీ కోడలు పిల్ల

తా.క. మా ఆయన విల్లు చూసి తన తల కూడా అటే వాల్చి నిలబడ్డాడు.

*

కోడలు పిల్లా,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివాక ముద్ద దిగలేదు.

వేడి మీద ఉండగానే అచ్చులోంచి తీసుంటావు. పొయ్యి మీద పాలు, అచ్చులో విల్లు, రెండింటి దగ్గరా పరాకు పనికిరాదని ఎన్నిసార్లు చెప్పాను? సరే, మళ్లీ బిగించు. కొన దగ్గర ఎడమ పక్కన చిన్న చెక్క చీలిక దూర్చి కుడికి నెట్టు. రెండు రెక్కలకీ ఒకే దూరం నుంచి, ఒకే ఓపికతో వేడి పట్టు. పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోకు.

ఇంతకీ ఆ పెద్దాయనెవరు? అంత తేలిక విల్లుతో ఏం కొడతాడు, దోమల్నా?

ఇట్లు,
మావయ్య

తా.క. భుజం పట్టేసిన దగ్గర్నుంచి నా విల్లు మేకుకే వేలాడుతోంది. మీ అత్తయ్య దాని మీద తువ్వాళ్లు ఆరేస్తోంది. నేనేమైనా అన్నానా? అనలేదు.

*

మావయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. చల్లారేదాకా వేలు పెట్టలేదు. ఇప్పుడు దారం పిడి అంచు కూడా దాటిపోయింది.

చీలిక పెడుతున్నప్పుడే అనుమానం వచ్చింది. కానీ గురువు మాటకి లోతుంటుంది, మొండి చెక్కని ముందు దాని దారినే పోనిచ్చి తర్వాత వెనక్కి లాగుతాడు కాబోలు అనుకున్నాను. ఆ తర్వాత ఏం చేయాలో రాయడం మర్చిపోయినట్టున్నావు.

ఇట్లు,
నీ కోడలు పిల్ల

తా.క. పెద్దాయనని ఏమీ అనకు. నాకు కావలసిన మనిషి.

*

కోడలు పిల్లా,

లోతూ లేదు, గట్టూ లేదు. చెప్పింది చెప్పినట్టు చేసుంటే ఆ వంకర ఎప్పుడో పోయేది. ఎడమ పక్కనే ఇంకో చీలిక కూడా పెట్టి గట్టిగా నెట్టు.

ఆ పెద్దాయనకి నచ్చజెప్పు. వయసు మీదపడ్డాక విల్లు మానేసి కుర్చీలో కూర్చోవాలి. నేను కూర్చోలేదూ?

ఇట్లు,
మావయ్య

తా.క. ఆ కుర్చీకి కూడా విసుగొచ్చిందని రాయమంటోంది మీ అత్తయ్య. రాయమంది కాబట్టి రాశాను.

*

మావయ్యా,

ఇంక నా వల్ల కాదు. రెండో చీలికా పెట్టాను, వంకర ఇంకా పెరిగింది. చెక్క తేనె రంగు దాటి కాఫీ గింజ రంగుకొచ్చింది. ఇంకోసారి వేడి ఎక్కువైతే పెళుసెక్కి విరిగిపోతుంది.

చిన్నప్పటి నుంచీ నీ బల్లకి ఎదురుగా కూర్చునే కదా నేర్చుకున్నాను. నీ ఎడమంటే నాకు కుడి, నీ కుడంటే నాకు ఎడమ. ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడూ నువ్వు ఎడమ అని రాసినచోటల్లా తిప్పుకుని కుడి పక్కనే పెట్టాను. మరెందుకిలా అయింది? నువ్విచ్చిన చెక్కని పాడుచేశానేమోనని ఏడుపొస్తోంది.

ఇట్లు,
నీ కోడలు పిల్ల

తా.క. పైన సిరా అలుక్కుపోయిన చోట "వెధవ చీలిక" అని చదువుకో.

*

నా తల్లీ,

ఏడవకు. పాపం ఒక్కతే చేసుకుంటోంది, మళ్లీ తిప్పుకుని ఆలోచించే పని దానికెందుకని, నేను ఈసారి నీ వైపు నుంచే రాశాను. నేను రాసింది నీ ఎడమే. నువ్వేమో ఇంకా నా బల్లకి ఎదురుగానే కూర్చుని చదువుకున్నావు. మీ అత్తయ్య పడీపడీ నవ్వింది. నేను మాత్రం లేచి వెళ్లి, బల్లకి ఎదురుగా నువ్వు కూర్చునే చోటు తుడిచి వచ్చాను.

చీలికలు తీసి రెండో పక్కన పెట్టు. హీట్ గన్ దూరంగా పట్టుకుని నెమ్మదిగా కదుపుతూ ఉండు, ఒకేచోట ఆగకు. నా మాటకీ దారానికీ తేడా వస్తే దారాన్నే నమ్ము.

ఇట్లు,
మావయ్య

తా.క. పెద్దాయన తొందరపెడితే నా దగ్గరికి పంపు. నాలుగు దులిపి పంపిస్తాను.

*

మావయ్యా,

దారం పిడి నడిమధ్యలోంచి పోయింది. మా ఆయన తల నిటారుగా పెట్టాడు.

విల్లు నీకు పంపుతున్నాను. నువ్వు లాగి చూసి సరే అంటేనే అది పెద్దాయనది.

ఇట్లు,
నీ కోడలు పిల్ల

తా.క. పిడి సరిగ్గా పట్టుకుని చూడు. వంక పెట్టడానికి తొందరపడకు.

*

కోడలు పిల్లా,

విల్లు అందింది. వంక పెడదామనే కళ్లద్దాలు తుడుచుకుని కూర్చున్నాను. దారం లాగితే సూటిగా ఉంది. పోనీ పిడి చూద్దామని పట్టుకున్నాను. చిటికెన వేలి దగ్గర ఒక గాడి ఉంది. ఎప్పుడో ఉలి తగిలినప్పటి నుంచీ నా చిటికెన వేలు వంగదు కదా, అది చాచుకుని పడుకునేంత గాడి. ఇలాంటి వేలు ఇంకే మొండి పెద్దాయనకి ఉందబ్బా అని కాసేపు ఆలోచించాను కూడా. మీ అత్తయ్యే నా చెయ్యి పట్టుకుని, "ఇంకా ఎవరండీ, మీరే" అంది.

లాగాను. భుజం కిక్కురుమనలేదు. ఎన్నాళ్లయిందే తల్లీ. బాణం వెళ్లి గోడకి తగిలింది. నేను గురి పెట్టింది గోడకేనని రాసుకో.

ఇన్నాళ్లూ ఉత్తరాల్లో నన్ను నేనే తిట్టుకున్నానన్నమాట. పడాల్సినవాడికే పడ్డాయిలే.

కుర్చీ మీ అత్తయ్యకి అప్పగించి అక్కడికి వస్తున్నాను. ఇద్దరం ఇంకో విల్లు చేద్దాం. ఈసారి ఎదురుగా కాదు, నీ పక్కనే కూర్చుంటాను.

ఇట్లు,
దోమలు కొట్టే పెద్దాయన

తా.క. త్వరగా బయల్దేరాలి. మీ అత్తయ్య అప్పుడే తడి తువ్వాలు పట్టుకుని కొత్త విల్లు చుట్టూ తిరుగుతోంది.