శుక్రవారం బీపీ

కొవ్వూరు,
సోమవారం.

పెద్దబ్బాయి జయపాల్‌కి ప్రభువు పేరిట అమ్మ దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమమని నేను చెప్పకుండానే మీ మరదలు ప్రిస్కిల్లా రాసేసింది. సరే, ఉండనీ. మీ తమ్ముడూ, ఈ పిల్లా క్షేమమే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఖరగ్‌పూర్‌లో నువ్వూ, కోడలూ, పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

ఫోనుండగా ఉత్తరం ఏంటమ్మా అంటావు. ఫోన్లో నేను రెండు మాటలనేసరికి "సర్లే అమ్మా, డ్యూటీ ఉంది" అని పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదవాలి. చెప్పింది చెప్పినట్టు రాయమని మీ మరదలికి గట్టిగా చెప్పాను. తనని తిట్టినా రాయాలన్నాను.

పోయిన నెల మూడోసారి కూడా నన్ను వెనక్కి పంపేశారు కదరా. వంతెన దాటి రాజమండ్రి కంటి ఆసుపత్రికి వెళ్ళడం, గౌను తొడుక్కుని, చుక్కలు వేయించుకుని కూర్చోవడం, ఆ నర్సమ్మ చేతికి పట్టీ చుట్టి "నూట డెబ్భై ఎనిమిది ఉందండి మామ్మగారూ, ఈ రోజు ఆపరేషన్ చెయ్యరు" అనడం. "కోసేది కన్నా, చెయ్యా? చేతిలో రక్తం సంగతి మీకెందుకండీ?" అని అడిగాను. డాక్టరు గారు నవ్వారు. "ఆసుపత్రికి వస్తే భయానికి కొందరికి పెరుగుతుందమ్మా. ఇంట్లో నెల రోజులు పొద్దున్నా సాయంత్రం చూసి, పుస్తకంలో రాసి తీసుకురండి" అన్నారు. నాకు భయమంట! పాముల్ని పక్కకి తోసి వరి కోసిన దాన్ని నేను.

నువ్వు పంపిన బీపీ మిషను సంగతి చెప్తాను విను. ఒకసారి నూట యాభై రెండు అంటుంది, రెండు నిమిషాలాగి నూట నలభై నాలుగు అంటుంది. కాటా ఇలా మారితే ఆ కొట్లో బియ్యం కొంటామా? అదే అన్నాను. "బీపీ బియ్యం కాదండి అత్తయ్యగారూ. మెట్లెక్కినా, టీ తాగినా, కోపమొచ్చినా మారుతుంది. అందుకే రెండుసార్లు చూసి రెండూ రాయాలి" అంది ప్రిస్కిల్లా. పైగా ఎన్ని షరతులో. వీపు ఆనించి ఐదు నిమిషాలు కూర్చోవాలంట. పాదాలు నేలకి ఆనాలంట. జాకెట్టు మీద కాకుండా ఒంటి మీదే పట్టీ చుట్టాలంట. చెయ్యి బల్ల మీద గుండె ఎత్తున పెట్టాలంట. నోరు మూసుకోవాలంట! ఒకరోజు పట్టీ బిగుస్తుండగా పాలవాడు వచ్చి నీళ్ళ పాలు పోశాడు. ఊరుకుంటానా? నూట అరవై ఆరు వచ్చింది. కొట్టెయ్యవే అంటే కొట్టెయ్యదు. "మంచి అంకెలు ఏరి రాస్తే డాక్టరు గారికి ఏం తెలుస్తుందండీ?" అంటుంది. బడిలో పిల్లలకి చెప్పినట్టు నాకు చెప్తుంది.

నువ్వడిగినవాటికి జవాబులు. ఉప్పు తగ్గించాను, ఎండుచేప మానేశాను, అన్నం గడ్డిలా ఉంది. నిద్ర పడుతోంది. కళ్ళు తిరగడం లేదు.

ఇక నాలుగో ప్రశ్న. పుస్తకం ఫోటో చూసి, రైల్వే గుమాస్తా బుద్ధి పోనిచ్చుకోకుండా పట్టేశావు. "మిగతా రోజులు నూట నలభై దగ్గరే ఉంటోంది. నాలుగు శుక్రవారాలూ సాయంత్రం, మర్నాడు పొద్దున్నా నూట డెబ్భై దాటింది. నీ ఆపరేషన్ తేదీలు కూడా మూడూ శనివారాలే. ఎందుకమ్మా?" అని రాశావు. ప్రిస్కిల్లా అది చదువుతుంటే మిషన్‌ని తిట్టాను, డాక్టర్ని తిట్టాను, నిన్ను కూడా తిట్టాను.

ఇప్పుడు చెప్పేది ఈ పిల్లకి కూడా తెలీదు. రాయవే. శుక్రవారం నేను బీపీ మాత్ర వేసుకోవడం లేదురా. ఉపవాసమని అందరికీ తెలుసు, నీళ్ళు కూడా ముట్టనని ఎవరికీ తెలీదు. ఈ పిల్ల ఇచ్చిన మాత్ర కొంగున ముడేసుకుని, ప్రిస్కిల్లా బడికి వెళ్ళాక కాలవలో పడేస్తున్నాను. కలం ఆపేసి నా మొహంలోకి చూస్తోంది. తర్వాత చూద్దువుగాని, రాయి.

ఆ ఉపవాసం నీదే. నాలుగేళ్ళ కిందట నువ్వు సీసా వదిలినప్పుడు మొక్కుకున్నాను. వాడు ముట్టనన్నాళ్ళూ, శుక్రవారం సాయంకాలం ప్రార్థన దాకా నేను నీళ్ళు ముట్టను ప్రభువా అని. నువ్వు నిలబడ్డావు. ఇక్కడ నేను గుక్కెడు తాగితే అక్కడ నువ్వు జారిపోతావేమోనని నా బెంగ. డాక్టరు గారు భయమన్నది నిజమే. ఆసుపత్రి భయం మాత్రం కాదు.

నెలనెలా ఉత్తరం రాయమని ఎందుకు నీ ప్రాణం తీస్తానో తెలుసా? నాకు అక్షరం రాదు గాని వరస తెలుసు. తాగే రోజుల్లో నీ వరసలు కాగితం మీద కిందకి జారిపోయేవి. మానేశాక తాడు పట్టి నాటిన మడిలా తిన్నగా వచ్చాయి. ప్రిస్కిల్లా చదవకముందే నేను చూసుకునేదాన్ని. ఏడాదిన్నరగా ఆ వరసలు నాకు కనపడటం లేదు. ఫోన్లో గొంతు నమ్మను, మీ నాన్న కూడా గొంతులో తెలియనిచ్చేవాడు కాదు. లేకపోతే ఈ వయసులో నాకు కన్నెందుకురా?

నిన్న పాస్టరు ఆశీర్వాదం గారిని అడిగాను. "మాత్రకి గుక్కెడు నీళ్ళు తాగితే దేవుడు తప్పు పట్టడండి ఏసమ్మగారూ" అన్నారు. దేవుడి సంగతి ఆయన చెప్పారు. నీ సంగతి ఆయనకేం తెలుసు? అయినా వచ్చే శుక్రవారం మాత్ర వేసుకుంటాను. ప్రిస్కిల్లా ఎదురుగా నిలబడి మింగిస్తానంటోంది. నీ మీద నమ్మకంతో మింగుతున్నాను, గుర్తుంచుకో.

ఆపరేషన్‌కి ఈ నెల ఆఖరి శనివారం నాలుగోసారి రమ్మన్నారు. ఈలోగా ఉత్తరం రాయి. ఎవరి చేతా చదివించుకోను, దిండు కింద పెట్టుకుంటాను. కట్టు విప్పిన రోజు మొదట దాన్నే చూస్తాను.

తిన్నగా రాయి.

ఇట్లు,
మీ అమ్మ ఏసమ్మ
వేలిముద్ర