పాలు పొంగించిన రాళ్ళు

ప్రియమైన అక్కకి,

బావకి, నీకు నా వందనాలు. పిల్లలు బాగున్నారా? బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, బెంగపడకు. ఇక్కడ చలి ఇంకా వదల్లేదు. గోంగూర పచ్చడి అడుగంటింది, ఎవరైనా వస్తుంటే పంపు.

ఫోన్‌లో చెప్పలేక రాస్తున్నానే. నా రీసెర్చ్ సంగతి తెలుసుగా, ఈ జార్జియా ఊళ్ళోంచి ఒకప్పుడు తరిమేసిన నల్లవాళ్ళ చరిత్ర. అందులో పరిచయమైంది మిస్ హేటీ, ఎనభై దాటిన పెద్దావిడ. వాళ్ళ తాతని చేయని దొంగతనానికి పట్టుకెళ్ళి, కాళ్ళకి గొలుసులేసి రోడ్డు పని చేయించారట. శవమై వచ్చాడు. ఇంటివాళ్ళు పూడ్చిపెట్టి, తెల్లచార ఉన్న రాయొకటి తలాపున నిలబెట్టి, ఊరొదిలి పారిపోయారు. ఆ చోటు ఒక్కసారి చూసి పోవాలని ఆవిడ ఆశ.

వెతగ్గా వెతగ్గా దొరికింది. ఎక్కడనుకున్నావు? నేను అద్దెకుంటున్న అరుణ గారి కొత్తింటి వెనకాల, చెట్లకింద. వెళ్ళి చూస్తే మూడు చోట్ల నేల సమాధుల్లా కుంగి ఉంది, తలాపు రాళ్ళు మాత్రం లేవు. తెల్లచార రాయి పెరట్లో కనిపించింది, మసిపట్టి. గృహప్రవేశం నాడు లోపల పొగకి అలారం మోగుతుందని, బయట మూడు రాళ్ళు పెట్టి పాలు పొంగించారు. ఆ పరమాన్నం నేనూ తిన్నాను.

"అయ్యో, మాకేం తెలుసు రూతూ! మంచి రాళ్ళని మా ఆయనే ఏరుకొచ్చారు. పసుపు, కుంకుమ కూడా పెట్టామమ్మా!" అంది అరుణ గారు. ఏ రాయి ఎక్కడిదో ఆయనకి గుర్తులేదు. "పిల్లలు జడుసుకుంటారు, ఆవిడకి చెప్పకు, ప్లీజ్" అని చేతులు పట్టుకుంది. నా వల్ల కాలేదక్కా. చెప్పాను.

నిన్న మిస్ హేటీ వచ్చింది. మసి, పసుపు వేలితో తడిమి చూసింది. రాయి ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి, ఆ మూడు గుంతల దగ్గరికీ వెళ్ళి "తాతా" అని పిలిచింది. ఒక్కోచోట ఆగింది, పలుకుతాడేమోనని. ఆ పిలుపు నా చెవుల్లోంచి పోవట్లేదు.

పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్ళాక మన తాత కూడా అలాగే శవమై తిరిగొచ్చాడు కదా. పేట చివర తాత తలాపున నాన్న పాతిన బండ ఉందో లేదో ఈ ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక వెళ్ళి చూడవే. అటువైపు ప్లాట్లు వేస్తున్నారన్నావు. లేకపోతే లేదనే చెప్పు, నన్ను ఊరుకోబెట్టడానికి ఉందనకు.

పెద్దమ్మకి వందనాలు. నాకోసం ప్రార్థన చేయండి, మిస్ హేటీ కోసం కూడా.

నీ చెల్లెలు,
రూతు