417 అంటే ఏమిటో చెప్పే పుస్తకం గురించి

వ్యవసాయ యంత్రముల అధికారి గారి సముఖమునకు, రోడ్డు పక్క షెడ్డులో ఇరవై ఆరేళ్లుగా ట్రాక్టర్లు బాగుచేసుకుని బతుకుతున్న మెకానిక్కు వ్రాసుకొనిన అర్జీ.

అయ్యా,

విషయం: కొత్త ట్రాక్టరుకు నమ్మదగిన రిపేరు పుస్తకం ఇప్పించుట గురించి. అది లేనిచో, లేదని అయినా కాగితం మీద వ్రాసి ఇప్పించుట గురించి.

సూచిక: నా మొదటి అర్జీ, దానికి తమ కార్యాలయపు జవాబు, నా రెండవ అర్జీ, దానికి జవాబు లేకపోవుట.

సవినయముగా మనవి చేసుకొనుచున్న సంగతులు ఈ దిగువన వరుసగా ఉన్నవి.

1. మా అక్క భర్త, అనగా మా బావగారు, ఈ సంవత్సరం పాత ట్రాక్టరు వదిలించుకుని కొత్తది తీసుకొనియున్నారు. తీసుకోమన్నది నేనే. షోరూములో ఆయన బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. స్టీరింగు పక్కనున్న చిన్న తెర చూసి, "ఇదేంట్రా, దీనికి కూడా టీవీ పెట్టారు? చెడితే ఎవడు చూస్తాడు?" అని అడిగారు. "నేను లేనా బావా? నీ బండి సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఆ మాట మీదే ఆయన సంతకం పెట్టారు. ఈ అర్జీలోని కష్టాలన్నీ సదరు మాటతోనే మొదలైనవని ముందుగానే ఒప్పుకొనుచున్నాను.

2. ట్రాక్టరుతో పాటు ఒక పుస్తకం ఇచ్చారు. అట్ట మీద మా బండి బొమ్మ, లోపల ఇంకో బండి. మా దానికి గేరు రాడ్డు కుడివైపు ఉంటే బొమ్మలో ఎడమవైపు ఉన్నది. నలభై ఒకటో పేజీ నుంచి అరవై ఎనిమిదో పేజీ వరకు లేవు. వాటి బదులు మొదటి పేజీలనే మళ్లీ కుట్టారు, కనుక కొత్త ట్రాక్టరు కొన్నందుకు కంపెనీవారు మమ్మల్ని రెండుసార్లు అభినందించియున్నారు. రిపేరు గురించి మాత్రం మొత్తం పుస్తకంలో ఒకే ఒక వాక్యం: "లోపము తలెత్తినచో కంపెనీ మెకానిక్కును సంప్రదించుడు."

3. లోపం పదకొండవ రోజున తలెత్తినది. దుక్కి మధ్యలో, మలుపు తిరగడానికి వెనక గొర్రును పైకి లేపగా, తెర మీద పసుపు రంగు పానా గుర్తు వెలిగి, దాని పక్కన 417 అనే అంకె వచ్చినది. గొర్రు దిగదు. ఇంకా పైకి లేవదు. ఇంజను మాత్రం దర్జాగా నడుస్తోంది. పాత బండి అయితే శబ్దం విని చెప్పేవాణ్ణి అయ్యా, దగ్గితే ఒక జబ్బు, మూలిగితే ఇంకో జబ్బు. ఇది అంకె చూపించి నోరు మూసుకుని కూర్చుంది. 417 అంటే ఏమిటని నేను ఎవర్ని పట్టుకుని అడగాలి?

4. అయినను అడిగితిని. షోరూములో కౌంటరు దగ్గరి అమ్మాయి, "ఇంజను పక్కన చదరంగా స్టిక్కరు ఉంటుంది సార్, ఫోన్‌తో స్కాన్ చేయండి, అంతా వచ్చేస్తుంది" అని చెప్పినది. చేశాను. గడ్డి కోసే యంత్రం వచ్చింది. తర్వాత కంపెనీ మెకానిక్కును పట్టుకున్నాను.

"అసలు పుస్తకం మాకు మాత్రమే ఇస్తారన్నా. బయటివాళ్లకి చూపించకూడదని రూలు."

"నేను బయటివాణ్ణా? ఇరవై ఆరేళ్ల నుంచి బండి కింద పడుకుంటున్నా."

"కంపెనీకి నువ్వు బయటివాడివే కదన్నా."

"సరే, నువ్వే వచ్చి చూడు మరి."

"నా వరసలో ఇంకా ముప్పై రెండు బళ్లున్నాయి. పద్దెనిమిది రోజులు పడుతుంది."

పద్దెనిమిది రోజులు నేలలో తడి ఆగుతుందా అయ్యా? తమరే సెలవియ్యండి.

5. పిదప తమ కార్యాలయమునకు వచ్చితిని. నాలుగుసార్లు వచ్చితిని. మొదటిసారి గుమాస్తాగారు అర్జీ చదివి, "ట్రాక్టరు కావాలంటే మేము, పుస్తకం కావాలంటే మేము కాదు" అన్నారు. ట్రాక్టరు ఉందండీ, పుస్తకమే లేదండీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆరు రోజులకు జవాబు వచ్చినది: "తమ అర్జీ పరిశీలించబడినది. పుస్తకములకు సంబంధించినది గనుక గ్రంథాలయమునకు బదిలీ చేయబడినది." గ్రంథాలయంలోని పెద్దావిడ మాత్రం పాపం నిచ్చెన వేసుకుని, పై అర దాకా వెతికారు. "ఇదొక్కటే ఉంది బాబూ, పనికొస్తుందేమో చూడు" అంటూ దుమ్ము దులిపి ఇచ్చారు. అది ఎద్దుల బండికి ఇరుసు వేయు విధానము. ఆవిడ ముఖం చూసి, పనికొస్తుందమ్మా అని చెప్పి తెచ్చుకున్నాను.

రెండవ అర్జీ గురించి అడుగగా, "కదులుతోంది" అని గుమాస్తాగారి సమాధానం. అర్జీ ఒక్కటే కదులుతోందయ్యా. గొర్రు కదలడం లేదు.

6. ఈ అంశమును మూడుసార్లు కొట్టివేసి నాలుగవసారి వ్రాయుచున్నాను. ఎటూ దారి కానక, జిరాక్సు షాపులో "అన్ని మోడళ్ల ట్రాక్టర్లకు రిపేరు గైడు" అని కుట్టి అమ్ముతున్నది ఒకటి తెచ్చితిని. అందులో 417కు ఎదురుగా "గొట్టములో గాలి చేరుట; గొట్టము వదులు చేసి గాలి తీయవలెను" అని ఉన్నది. మర్నాడు మధ్యాహ్నం పొలంలోనే పని మొదలుపెట్టాను. అవతల మబ్బు కమ్ముకొస్తోంది. నూనె నేలపాలు కాకుండా బావగారు బేసిను పట్టుకుని నిలబడ్డారు. "ఇంకొంచెం ఇటు జరుగు బావా" అన్నాను. ఆయన ఒక అడుగు ఇటు వేశారు. గొట్టం వదులైంది. గొర్రు దబ్బున దిగింది, ఆయన కుడిపాదం మీద.

ఆయన కేకలు పెట్టలేదు. "ఒరేయ్, ఎత్తరా" అన్నారు, అంతే. ఎత్తాల్సిన బండే ఎత్తదు కదయ్యా. జాకీ తెచ్చి, మెత్తటి నేలలో అది దిగబడుతుంటే కింద రేకు వేసి, మళ్లీ పెట్టి, ఎత్తేసరికి నా ప్రాణం పోయి వచ్చింది. పాదంలో మూడు ఎముకలు విరిగినవని, రెండు నెలలు కాలు కింద మోపరాదని డాక్టరుగారు చెప్పియున్నారు. సదరు ప్రమాదమునకు పూర్తి బాధ్యత తప్పుడు పుస్తకమునకును, సరైన పుస్తకం దాచినవారికిని చెందునని ఇందుమూలముగా తెలియజేసుకొనుచున్నాను.

7. ఆసుపత్రి నుంచి అక్క నేరుగా నా షెడ్డుకు వచ్చింది. స్టూలు వేస్తే కూర్చోలేదు. "నువ్వు చెప్పావనే కొన్నాం రా. ఇప్పుడు కూడా నువ్వే చెప్పు, ఏం చెయ్యమంటావు?" అంది. చుట్టుపక్కల అందరి విత్తనాలూ పడ్డాయి, మావి బస్తాల్లోనే ఉన్నాయి. ఆ రోజు నుంచి అక్క నా ఫోను ఎత్తడం లేదు. ఎవరి ట్రాక్టరైనా నా షెడ్డు ముందు ఆగితే, చెయ్యి వెయ్యడానికి భయంగా ఉంటోంది. పానా పట్టుకున్నాక భయపడడం నాకు ఇదే మొదటిసారి.

కావున తమరు దయయుంచి, కొత్త ట్రాక్టరు అమ్మినవారు దాని అసలు రిపేరు పుస్తకాన్ని మనకు అర్థమయ్యే భాషలో, అన్ని పేజీలతో, కొన్నవారికి ఇచ్చునట్లు ఉత్తర్వు చేయవలసినది. అంత పెద్ద ఉత్తర్వు కుదరనిచో, 417 అంటే ఏమిటో ఒక చీటీ మీద వ్రాయించి పంపినా చాలును. అది కూడా కుదరనిచో, ఇటువంటి పుస్తకం మాబోటివాళ్లు చూడకూడదని తమ ముద్ర వేసి ఇప్పించండి. షెడ్డు తలుపుకు అంటించుకుంటాను.

పై సంగతులన్నీ ఓపికగా, మరో శాఖకు బదిలీ చేయకుండా, తమరే స్వయముగా చిత్తగించవలెనని వేడుకొనుచున్న,

తమ విధేయుడు,
షెడ్డు మెకానిక్కు.

తాజాకలం: అయ్యా, ఈ అర్జీ మడిచి జేబులో పెట్టుకుని తమ దగ్గరికి బయల్దేరబోతుండగా, అసలు పుస్తకం ఒక గంటసేపు నా బల్ల మీదికి వచ్చింది. ఎలా వచ్చిందో వ్రాయను. తెచ్చిన మనిషికి పెళ్లాం పిల్లలున్నారు.

417 అంటే సీటు కింద ఒక చిన్న ప్లగ్గు ఊడిందని అర్థం. అది ఊడితే సీట్లో మనిషి లేడనుకుని బండి గొర్రును ఎక్కడిదక్కడ బిగబట్టేస్తుందట. పొలానికి వెళ్లి, గొట్టం బిగించి, ప్లగ్గు వేలితో నొక్కాను. టక్కుమంది. గొర్రు లేచింది, దిగింది. అంతే పని.

కానీ అదే పేజీలో పైన పెద్ద అక్షరాలతో ఇంకో మాట ఉంది. లేపి ఉన్న గొర్రు దగ్గర పని చేసేటప్పుడు కింద దిమ్మ పెట్టాలి, మనిషిని నిలబెట్టకూడదు అని. ఆ మాట జిరాక్సు పుస్తకంలోనూ ఉంది. ఏ పుస్తకం లేకపోయినా నాకు తెలుసు. దిమ్మ పెట్టకుండా నేను ఏ బండి కిందా చెయ్యి పెట్టినవాణ్ణి కాదు. ఆ రోజు పెట్టలేదు. మబ్బు చూసి తొందరపడ్డాను.

ఆసుపత్రికి వెళ్లి బావగారికి చెప్పాను.

"తెలుసు లేరా. పడగానే చూశాను, కింద దిమ్మ లేదు" అన్నారు.

"మరి అక్కతో అనలేదేం?"

"అంటే నిన్ను మళ్లీ గడప తొక్కనిస్తుందా?"

అక్క మంచినీళ్ల సీసాతో గుమ్మంలోనే ఉంది. అంతా విన్నది. సీసా బల్ల మీద పెట్టి, "ఆ జేబులో కాగితాలేంటి?" అని అడిగింది. ఇచ్చాను. ఈ అర్జీ మొత్తం నిలబడే చదివింది.

"ఆరోది తప్పు" అంది.

"చింపేస్తాను అక్కా."

"చింపుతావేం? పుస్తకం ఇవ్వకపోవడం వాళ్ల తప్పేగా. తీసుకెళ్లి ఇవ్వు. నీ తప్పు కూడా రాసి ఇవ్వు."

అందువలన ఇది వ్రాయుచున్నాను. ఆరవ అంశములో "పూర్తి" అన్న మాటను కొట్టివేయవలసినది. మిగతావి అలాగే ఉంచవలసినది. పుస్తకం వచ్చిన దారినే వెళ్లిపోయింది. గంటలో నేను చూసుకోగలిగింది 417 ఒక్కటే, ఆ జాబితా మాత్రం పదకొండు పేజీలుంది. విత్తనం వేయడానికి ఇవాళ పొద్దున్నే ట్రాక్టరు తీశారు. నడుపుతున్నది మా అక్క.