చేతులెత్తని ఆరుగురు

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నిన్న నా బీఎడ్ ఆఖరి పాఠం అయిపోయింది. కాలేజీవాళ్లని బతిమాలుకుని, బెంగాల్‌లో మన లిలువా బళ్లో నువ్వు పదకొండేళ్లు చెప్పిన తెలుగు సెక్షన్‌లోనే చెప్పాను.

నీ తరగతిలో ఇప్పుడు ఆరుగురే మిగిలారు. నా పాఠానికి మార్కులెయ్యడానికొచ్చే బెంగాలీ మాస్టారికి గది నిండుగా కనిపించాలని, హెడ్‌మిస్ట్రెస్ హిందీ సెక్షన్ పిల్లల్ని తెచ్చి బెంచీలు నింపింది. నేను "అర్థమైందా?" అనగానే చెయ్యెత్తమని వాళ్లకి ముందే నేర్పిపెట్టాం. అవునక్కా, నేను కూడా నేర్పాను. మనవాళ్లకి మాత్రం చెప్పలేదు, తెలుగే కదా, ఎలాగూ ఎత్తుతారని.

పాఠం, వాన ఎలా కురుస్తుందో. నువ్వయితే టీ కెటిల్ తెచ్చి, ఆవిరి మూతకి పట్టి బొట్టుగా రాలడం చూపించేదానివి. నా లెసన్ ప్లాన్‌లో దానికి చోటు లేదు. చార్టు తగిలించి, గడగడా చెప్పి, అడిగాను. హిందీ పిల్లల చేతులన్నీ ఒక్కసారే లేచాయి. తెలుగు ముక్క రాని మాస్టారు "ఖూబ్ భాలో", చాలా బావుందని మెచ్చుకుని, నోటుబుక్కులో సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

మన ఆరుగురూ చేతులు కట్టుకునే కూర్చున్నారు. గంట కొట్టాక, ఎందుకెత్తలేదని అడిగాను. రైల్వే వర్క్‌షాపు ఫిట్టరుగారి కూతురు లేచి నిలబడింది.

"మాకేటీ అర్దం కాలేదు టీచరుగారూ. పెద్ద టీచరుగారు ఇలాగ సెప్పేవోరు కాదు."

చార్టు దించి చుట్టేశాను.

నేను పాసయ్యానక్కా.