జిగురుతో మూసిన పేజీలు

ఫ్రౌకె,

పప్పు సూపు పొయ్యి మీద ఉంది. సాసేజీలు ఫ్రిజ్‌లో ఉన్నాయి, తినేముందు ముక్కలు కోసి అందులో వేసుకో. సాయంత్రం బడిలో తల్లిదండ్రుల సమావేశం ఉంది, నాకు ఆలస్యమవుతుంది.

నీ చిన్నప్పటి బొమ్మల కథల పుస్తకాన్ని ఈ ఉదయం నిన్ను అడగకుండా నా రెండో తరగతికి తీసుకెళ్లాను. అది నా తప్పు. పిల్లలు బూట్లు విప్పి, తరగతి గదిలో వేసుకునే చెప్పులు తొడుక్కుని, నా చుట్టూ గుండ్రంగా కూర్చున్నారు. కథ చివరికి వచ్చేసరికి రెండు పేజీలు జిగురుతో అంటుకుపోయి ఉన్నాయి.

"టీచర్, సవతి తల్లికి శిక్ష పడేది అక్కడే! అసలు మజా అంతా అందులోనే ఉంది," అంది మైకె. "కెటిల్ ఆవిరి పట్టండి, ఊడొచ్చేస్తుంది. మా అమ్మమ్మ పక్కింటివాళ్ల ఉత్తరాలు అలాగే విప్పుతుంది."

పుస్తకం నాది కాదని చెప్పి మూసేశాను. రేపు మళ్లీ అడుగుతారు. విప్పాలో వద్దో నువ్వే చెప్పు. పుస్తకం నీ బల్ల మీద పెట్టాను.

ఆ జిగురు నేను మీ నాన్నను పెళ్లి చేసుకుని ఈ ఇంటికి వచ్చిన తొలి శీతాకాలం నాటిది. నీకప్పుడు ఏడేళ్లు. నువ్వు అంటిస్తుండగా తలుపు దగ్గర నిలబడి చూశాను. సవతి తల్లి బొమ్మ కంట పడకూడదని అలా చేశావనుకున్నాను. అడిగే ధైర్యం లేక, నా ఊహనే ఎనిమిదేళ్లు నిజమని నమ్మాను.

హెన్రికె

తా.క. ఈరోజు చదువుతుంటే గమనించాను, తక్కిన పేజీలన్నింటిలో సవతి తల్లి బొమ్మ అలాగే ఉంది. నువ్వు మూసింది ఆమెకు పడిన శిక్షను మాత్రమే.