ఒకరోజు ముందొచ్చిన కేకు

పలోమా వాళ్లమ్మగారికి,

ఎక్స్ఛేంజి చదువుకని మా ఇంటికొచ్చిన మీ అమ్మాయి క్షేమం. నేను బతికే ఉన్నాను. ఈ రెండో మాట ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబుతాను.

మొన్న శనివారం నాకు ఎనభై నిండాయి. శుక్రవారం మధ్యాహ్నమే మీ పిల్ల కేకు మీద కొవ్వొత్తులు వెలిగించి తెచ్చి, "పుట్టినరోజు శుభాకాంక్షలు నానమ్మా!" అని నన్ను కౌగిలించుకుంది. మా కోడలు హైకె చేతిలోని ప్లేటు జారి పగిలింది.

"నన్ను చంపుదామనుకున్నావటే?" అని అరిచాను. శుభాకాంక్షలు ముందే చెబితే ఆ పుట్టినరోజు మనిషికి దక్కదని మీ బొలీవియాలో ఎవరూ చెప్పరా?

సంగతి తెలిశాక దాని ముఖం పాలిపోయింది. ఇక నన్ను వదిలితే ఒట్టు. మెట్ల మీద చెయ్యి పట్టుకుంది, నా చేపలో ముళ్లు తీసింది. "బాత్రూముకైనా ఒంటరిగా పోనివ్వవే!" అంటే, "రేపు పోదువుగాని నానమ్మా," అంది.

శనివారం పొద్దున కళ్లు తెరిస్తే మంచం పక్కన కుర్చీలో ఉంది.

"బతికున్నావా?"

"ఉన్నాను. ఇప్పుడు చెప్పవే."

ఏడుస్తూ చెప్పింది. ఎండిపోయిన కేకు రెండు ముక్కలు తిన్నాను. మా దేశంలో పింగాణీ పగిలితే శుభం కాబట్టి, నన్ను కాపాడింది తన ప్లేటేనని హైకె వాదిస్తోంది. వాదించుకోనివ్వండి.

మీ పుట్టినరోజు వచ్చే నెలలో అట. ఈ కవరులో ఇంకో చిన్న కవరుంది. ఆ రోజుదాకా విప్పకండి. మీకు ఇలాంటివాటి మీద నమ్మకం లేకపోవచ్చు. కానీ పిల్ల ఇంకా చిన్నది, దానికి అమ్మ కావాలి.

ఇట్లు,
మీ పిల్ల చేతిలో చావు తప్పిన ముసలిది