చెల్లిని ‘అభాగ్యురాలు’ అన్నారు

శుక్రవారం రాత్రి

అమలాపురంలో, గల్ఫ్‌కి పనికెళ్లే మహిళల హక్కుల సంఘం వాళ్ల సభ. మా చెల్లి లక్ష్మిని చూపించి, "ఈ అభాగ్యురాల్ని కువైట్ నుంచి మేమే కాపాడి తెచ్చేం. ఆడవాళ్లని అసలు పంపకూడదు" అన్నారు సంఘం సెక్రటరీ గారు. అందరూ చప్పట్లు కొట్టేరు. చెల్లి తల దించుకుంది.

నేను లేచేను. "ఆయ్, మీ మేలు మరువమండీ. కానీ మా చెల్లి వంట చేసుకు బతికే మనిషండీ. మళ్లీ వెళ్తానంటోంది. పాస్‌పోర్టు లాక్కున్న ఆ కువైట్ యజమానిని నిలదియ్యండి, దీన్ని ఇంట్లో కూర్చోబెట్టకండి."

"జాలితో అన్నానండీ, అక్కగారూ."

"బోర్డు మీద హక్కులని రాసేరు కదండీ. జాలెందుకు?"

ఆటోలో చెల్లి, "కొత్త పాస్‌పోర్టుకి వీళ్లింక సాయం చెయ్యరేమో అక్కా" అంది. ఆ భయం నాకూ ఉంది. ఇంటికొచ్చి దీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. తప్పు చేసేనని మాత్రం దేవుడికి చెప్పుకోలేదు.